ఆరు మూలల బల్ల

జూలై 28, 1974, ఆదివారం

మా చర్చికి కొత్తగా వచ్చిన రెక్టరు మిస్టర్ పెగ్రామ్ ఈ రోజు దేని గురించి ప్రసంగించారో నాకు తెలియదు. మా ఊరు హార్న్ క్రీక్‌లో ఎవరికీ తెలియదు. మనిషి మంచివాడే, బోలెడు చదివాడు, కానీ ఆ గొంతు! మా వర్జీనియా దోమలు అంతకంటే స్పష్టంగా మాట్లాడతాయి. ఛాతీ ఎత్తు చెక్కగోడల మధ్య, మా కుటుంబం గూటిలో తలుపు వేసుకుని కూర్చుని, అరగంటసేపు ఆయన పెదవులు కదలడం చూసి వచ్చాను. ప్రసంగ పీఠం నుంచి మూడో గూడు మాది. మా గతే ఇదైతే పడమటి వాకిలి దగ్గర కూర్చునేవాళ్ల సంగతి చెప్పాలా? అటువైపు నుంచి గురకలు వచ్చాయి. అవి మాత్రం బాగా వినిపించాయి.

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో సమాధుల మధ్య నిలబడి కాఫీ తాగుతుంటే వినిఫ్రెడ్ గ్రిమ్‌స్టెడ్ మొదలుపెట్టింది.

“గోడకి నాలుగు లౌడ్‌స్పీకర్లు బిగిస్తే సరిపోతుంది డోషా. మెథడిస్టులు వాళ్ల చర్చిలో పెట్టుకున్నారుగా. వాళ్ల పాస్టరు తుమ్మినా రోడ్డు మీదికి వినిపిస్తోంది.”

“వాళ్లకి వినిపించడానికి తుమ్ము తప్ప ఏముందిలే,” అన్నాను. “ఆ గోడకి డ్రిల్లు పెట్టిన చెయ్యి విరగ్గొడతాను. పెడితే నీ చెయ్యే పెట్టాలి, వేరేవాళ్లకి అంత ధైర్యం లేదు.”

1738లో కట్టిన గోడ అది. పొడుగు ఇటుక, అడ్డం ఇటుక, మళ్లీ పొడుగు ఇటుక. అడ్డం ఇటుకల తలలు బట్టీ సెగకు నీలంగా మెరుస్తాయి. లోపల ఆలిచిప్పలు కాల్చి తీసిన సున్నం. కట్టినవాళ్లు అమాయకులు కాదు. పీఠం నెత్తిన చదునైన చెక్క గొడుగు ఒకటి వేలాడదీశారు, మాట పైకప్పుకు ఎగిరిపోకుండా జనం మీదికి మళ్లేలా. దాని ఇనుప కొక్కెం ఇప్పటికీ పైకప్పుకు ఉంది. గొడుగే లేదు. 1865లో అంతర్యుద్ధం ముగిశాక, చర్చి సగం కూలి వానకు తడిసిన రోజుల్లో మాయమైంది.

నేను దాన్ని వెతికి పట్టుకుంటాను.

జూలై 30

చర్చి కమిటీ కూర్చుంది. తొమ్మిదిమందిలో ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ వినిఫ్రెడ్. మగవాళ్లు ఏడుగురూ మా ఇద్దరి మొహాలు చూసి చెయ్యెత్తే రకం.

అందరి ముందూ అడిగేశాను. యుద్ధం తరవాత చర్చి తాళాలు ఎవరి దగ్గరున్నాయి? వినిఫ్రెడ్ వాళ్ల తాత దగ్గర. తాళాలు ఎవరి దగ్గరుంటే సమాధానం వాళ్లే చెప్పాలి. “గ్రిమ్‌స్టెడ్ వాళ్లు ఆ గొడుగు ఎత్తుకుపోయారు,” అని పేరు పెట్టి అన్నాను. వినిఫ్రెడ్ మొహం ఎర్రబడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు టోపీ సర్దుకుంది. అక్కడే తెలిసిపోయింది నాకు.

చివరికి తేల్చింది ఇది: అక్టోబరు 13, ఊరు వదిలినవాళ్లంతా తిరిగొచ్చే కలయిక ఆదివారం నాటికి పీఠం మీద గొడుగు వేలాడితే లౌడ్‌స్పీకర్లు ఉండవు. వేలాడకపోతే మర్నాడే ఎలక్ట్రీషియను వస్తాడు. పాతది దొరికితే పాతది, లేకపోతే మా తమ్ముడు ఆంబ్రోజ్ కొత్తది చేస్తాడు. వాడు పడవలు చేసేవాడు. చెక్క సంగతి తెలుసు, నోటి సంగతి తెలియదు.

ఆగస్టు 2

ఎండ. పీతలు బాగా పడుతున్నాయి. ఆంబ్రోజ్‌కు కబురు పంపాను.

ఆగస్టు 6

వాడు నిచ్చెన వేసుకుని పీఠం వెనక గోడ ఎక్కాడు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. వాడికి అరవై మూడు, నాకు అరవై అయిదు. ఇద్దర్నీ చూసి రెక్టరు గారు భయపడి బయటికి వెళ్లిపోయారు.

“ఏముందిరా అక్కడ?”

“సున్నం మీద గీత పడిందక్కా. గొడుగు అంచు గోడకి ఆనిన చోటు. ఉండు కొలుస్తా… ఇరవై ఏడు అంగుళాలు. రెండు కొసలా వాలు చూస్తే ఆరు పలకలది. పీఠం కూడా ఆరు పలకలేగా, సరిపోయింది.”

ఆ తరవాత నిచ్చెన ఊగిపోయేలా నవ్వు.

“ఎందుకురా ఆ నవ్వు? దేవుడి మందిరంలో!”

“ఏం లేదులే. అక్కా, మనింట్లో భోజనాల బల్ల మీద ఆ ఆయిల్‌క్లాత్ ఇంకా ఉందా?”

“ఉండదా మరి? నువ్వు చేసిన నిర్వాకం వచ్చిపోయేవాళ్లందరికీ చూపించాలా?”

వాడు నిచ్చెన మీద నుంచి నన్ను చాలాసేపు చూశాడు. తరవాత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ బల్లను ఎనిమిదేళ్లప్పుడు ఆంబ్రోజే కాల్చాడు. కాలుతున్న ఇస్త్రీపెట్టె తెచ్చి పెట్టాడు. 1919, ఈస్టరు ముందురోజు. అందుకే దాని మాట వస్తే ఆ వంకర నవ్వు.

ఆగస్టు 7

ఆంబ్రోజ్ రాత్రి భోజనానికి ఉన్నాడు. మామూలే, వంటింట్లో గట్టుకు ఆనుకుని నిలబడి తిన్నాడు. బల్ల దగ్గరికి రమ్మంటే ప్యాంటుకు తారు అంటుకుందట. యాభై అయిదేళ్లుగా ఆ తారు వదలలేదు. మొండివాడు. కారణమేమిటో ఆ దేవుడికే తెలియాలి.

మా బల్ల దగ్గర ఆరు కుర్చీలు, మూలకీ మూలకీ మధ్య ఒకటి. ఈ జిల్లాలో అలాంటి బల్ల ఇంకొకటి లేదు. తాతగారు భోజనం ముందు దాని మీద వేళ్లతో తట్టి, “ఇది ఎన్నో ప్రసంగాలు విన్న బల్లమ్మా,” అనేవారు. ఆయన భోజనాల దగ్గర అంతంత ఉపన్యాసాలు ఇచ్చేవారు మరి. చిన్నప్పుడు ఇద్దరం దాని కింద దూరేవాళ్లం. అడుగున మధ్యలో లావుపాటి ఇనుప రింగు ఉంటుంది. దానికి కుక్కను కట్టేవాళ్లం. ఆంబ్రోజ్ దానికి తాడు కట్టి లాగుతూ, స్టీమరు కూత కూసేవాడు.

బల్లకు ఇనుప రింగు ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ల వస్తువుల గురించి ప్రశ్నలు వేసే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆగస్టు 15

వినిఫ్రెడ్ ఫోను చేసి, “రా, మా ఇల్లంతా సోదా చేసుకో,” అంది. వెళ్లాను. నేను భయపడే మనిషిని కాదు.

అటక మొత్తం తిప్పి చూపించింది. గొడుగు లేదు. కానీ కిందికి దిగాక వంటింట్లో గిన్నెల అలమారా ముందు నన్ను నిలబెట్టింది.

“ఈ తలుపు చూశావా? చర్చి గూటి తలుపు. మా తాతే తెచ్చాడు. పైకప్పు సగం పడిపోయి అంతా వానపాలవుతోందని తలా ఒకటి మోసుకెళ్లారు డోషా. మీ పక్కింటివాళ్లు జ్ఞానస్నానం రాతితొట్టె పట్టుకెళ్లారు, అందులో గుర్రాలు నీళ్లు తాగాయి. నేను దాచట్లేదు. ఈ తలుపు రేపే తిరిగిచ్చేస్తా. మీ తాతేం పట్టుకెళ్లాడు?”

“మా తాత ప్రార్థన పుస్తకం తప్ప ఏమీ పట్టుకెళ్లలేదు.”

“అబ్బో! అంతమంది మోస్తుంటే ఆయనొక్కడే చేతులూపుకుంటూ వెళ్లాడన్నమాట.”

తరవాత పాత కమిటీ పుస్తకం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని చదివింది. 1739 నాటి రాత. పీఠం మీది గొడుగు వాల్‌నట్ చెక్కతో చేయించినది, కిందికి కనిపించే ముఖాన లేతరంగు చెక్కతో నక్షత్రం పొదిగినది అని ఉంది.

నాకు తలనొప్పి వచ్చింది. ఆమె కోసిపెట్టిన కేకు తినకుండానే వచ్చేశాను. గ్రిమ్‌స్టెడ్ వాళ్ల కేకులో ఎప్పుడూ వెన్న తక్కువే.

ఆగస్టు 16

నక్షత్రాలు చాలా వస్తువుల మీద ఉంటాయి. దుప్పట్ల మీద ఉంటాయి. మా భోజనాల బల్ల మీదా ఉంది, అయితే ఏం? జెండా మీద యాభై ఉన్నాయి.

ఆగస్టు 17

బల్ల కొలవలేదు. కొలవాల్సిన పనేముంది?

ఆగస్టు 29

పడవల షెడ్డుకు వెళ్లాను. మూడు వారాలైంది, ఆంబ్రోజ్ ఒక్క పలక కొయ్యలేదు. సగం చేసిన పడవ పొట్ట కింద వెల్లకిలా పడుకుని సుత్తి కొడుతున్నాడు.

“గొడుగు సంగతేమైంది? ఆరు వారాలే ఉంది.”

“చెక్క ఆరలేదక్కా.”

“పోయిన వారమూ అదే అన్నావు. ఏ చెక్క? ఎక్కడ ఆరుతోంది?”

“బాగా ఆరిన చెక్క ఒకటుంది. రెండొందల ఏళ్ల పైనే ఆరింది. అదుండగా కొత్తది కోసి పాపం మూటగట్టుకోమంటావా?” పడవ కింద నుంచి తల బయటపెట్టాడు. “చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్లని ఏమంటారక్కా?”

“పిచ్చివాళ్లంటారు.”

“నేననలేదు, నువ్వే అన్నావు,” అని మళ్లీ పడవ కిందికి దూరిపోయాడు.

పెద్దాచిన్నా లేదు వాడికి.

సెప్టెంబరు 3

ఆయిల్‌క్లాత్ కడిగి ఆరేశాను. కడగడానికే తీశాను.

ఇరవై ఏడు అంగుళాలు.

సెప్టెంబరు 4

ఆరు వైపులా కొలిచాను. ఒకవేళ టేపు తప్పేమోనని కుట్టుపని టేపుతో కూడా కొలిచాను.

సెప్టెంబరు 5

టమాటాలు సీసాల్లో పెట్టాను. పద్నాలుగు సీసాలు. పోయినేడు పన్నెండే.

సెప్టెంబరు 8, ఆదివారం

ఆరాధన అయ్యాక రెక్టరు గారు ఒక్కరే పది ఆజ్ఞల పలకల ముందు కూర్చుని ఉన్నారు. అక్షరాల బంగారు పూత మెరుగుపెట్టే మనిషి ఏడో ఆజ్ఞ దాకా వచ్చి ఆగాడు. ఎనిమిదోది, దొంగతనం గురించినది, ఇంకా మసకగానే ఉంది.

“మిస్ డోషా, నేను బిషప్ గారికి ఉత్తరం రాద్దామనుకుంటున్నా,” అన్నారాయన. దగ్గర కూర్చుంటే ఆ గొంతు ఎంత బాగుందో! “చిన్న చర్చి ఏదైనా చూడమని. ప్రతి ఆదివారం రాత్రి రెండింటిదాకా కూర్చుని రాసింది తెచ్చి గాలికి చెప్పుకుంటున్నా. మా ఆవిడ మొదటి గూట్లో కూర్చుంటుంది. తనక్కూడా వినపడట్లేదండి. వినపడినట్టు తల ఊపుతుంది.”

ఇంతకాలం నేను గోడ గురించే ఆలోచించాను. దాని ముందు నిలబడే మనిషి గురించి ఆలోచించలేదు.

“ఉత్తరం అక్టోబరు 13 తరవాత రాయండి,” అన్నాను. “గొడుగు దొరుకుతుంది.”

“ఎక్కడుందో తెలిసిందాండీ?”

“దొరుకుతుందన్నానుగా.”

ఆయన నమ్మారు. నేను అలా చెబితే ఎవరైనా నమ్ముతారు.

సెప్టెంబరు 12

మోకాళ్లు సహకరించకపోయినా బల్ల కింద దూరాను. టార్చి వేసి చూశాను. రింగు ఉంది. దాని చుట్టూ చేతితో చేసిన పాత మేకులు. కాళ్లు చూస్తే పైన్ కర్రవి, పైనేమో వాల్‌నట్. పరుపులేమో పట్టువి, మంచమేమో నులకది అన్నట్టు. ఆ కాళ్లు తరవాత ఎవరో తగిలించినవి. ఎవరో ఏమిటి, తాతగారే.

సరే. మా తాతగారు దాన్ని భద్రపరిచారు. చర్చి తడిసిపోతుంటే ఇంటికి తెచ్చి జాగ్రత్త చేశారు. దాన్ని ఎత్తుకుపోవడం అనరు. ఎత్తుకుపోవడం అంటే గ్రిమ్‌స్టెడ్ వాళ్లు తలుపును చేసింది.

ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు స్పష్టంగా తెలుసు. గొడుగు మా కొట్టంలో, గడ్డి కింద దొరికిందని చెబుతాను. కాళ్లు ఆంబ్రోజ్ ఊడదీస్తాడు. నక్షత్రం మీది కాలిన మచ్చను చిత్రిక పట్టి తీసేస్తాడు. బల్ల మాటే రాదు. అందరికీ మర్యాదగా ఉంటుంది.

సెప్టెంబరు 14

షెడ్డుకు వెళ్లి చెప్పాను. వాడు అంతా విన్నాడు. చేతిలో చిత్రిక ఉంది, దాని అడుగున బొటనవేలితో రుద్దుతున్నాడు.

“కొట్టంలో దొరికిందని చెప్పుకో. నాకేం. కాళ్లు పది నిమిషాల్లో ఊడదీస్తా.”

“మచ్చ?”

“అరగంట పని. వాల్‌నట్ మందంగా ఉంటుంది, తెలియను కూడా తెలియదు.” చిత్రిక పనిబల్ల మీద పెట్టాడు. “ఒక్కసారి చెప్పు, గీరేస్తా.”

“ఏం చెప్పాలి?”

“నీకు తెలుసుగా.”

“నాకేం తెలియదు. నువ్వు చేసిన మచ్చ నువ్వు తియ్యడానికి నేను నీకు చెప్పేదేముంది?”

వాడికి కోపం రాలేదు. అదే నాకు కోపం తెప్పించింది. చెక్కపొట్టు దులుపుకుంటూ లేచి, “కాఫీ పెట్టనా అక్కా?” అన్నాడు. అక్కర్లేదని వచ్చేశాను.

సెప్టెంబరు 17

ఏమీ లేదు రాయడానికి.

సెప్టెంబరు 21

వాన. బల్ల మీద ఆ మచ్చ పడి యాభై అయిదేళ్లయింది. ఎవరు కాలిస్తేనేం ఇప్పుడు?

సెప్టెంబరు 24

ఈ పుస్తకం ఎవరూ చదవరు. కాబట్టి రాస్తాను.

రిబ్బను నాది. నీలం రంగుది. ఈస్టరుకు కొత్త గౌను మీదికి పెట్టుకోవాలని, వంటామె చూడకుండా ఇస్త్రీపెట్టె పొయ్యి మీద నుంచి నేనే తెచ్చాను. గుడ్డ వెయ్యకుండా బల్ల మీదే రుద్దాను. రిబ్బను తళతళా వచ్చింది. జడకు కట్టుకున్నాను. అంతలో రేవులో స్టీమరు కూత వినిపించింది. పరిగెత్తాను. ఇస్త్రీపెట్టె నక్షత్రం మీదే ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి గది నిండా పొగ. నాన్నగారు ఆంబ్రోజ్ చెవి పట్టుకుని బల్ల కింద నుంచి బయటికి లాగుతున్నారు. వాడు అక్కడ తన స్టీమరు నడుపుకుంటున్నాడు. “నేను కాదు నాన్నా,” అన్నాడు, ఒక్కసారే. తరవాత నా జడ వంక చూశాడు. రిబ్బను చూశాడు. మళ్లీ మాట్లాడలేదు.

బెల్టు దెబ్బలు నేను వాకిట్లో నిలబడి లెక్కపెట్టాను. తొమ్మిది. ఆ తరవాత నాన్నగారు అన్నారు, “బల్లకి విలువివ్వనివాడికి బల్ల దగ్గర చోటు లేదు.” మళ్లీ ఈస్టరు దాకా, ఏడాదిపాటు, వాడు వంటింట్లో నిలబడి తిన్నాడు. మేం గదిలో కూర్చుని తింటుంటే వాడి చెంచా చప్పుడు గోడ అవతల నుంచి వినిపించేది. నేను ఉప్పు అందించమని అడిగేదాన్ని, ఇంకొంచెం గ్రేవీ వేయమనేదాన్ని. ఏడాది గడిచాక రమ్మంటే వాడు రాలేదు.

తారు లేదు, గీరు లేదు. నాకు మొదటినుంచీ తెలుసు.

సెప్టెంబరు 26

కమిటీలో లేచి నిలబడ్డాను.

“గొడుగు దొరికింది. మా భోజనాల గదిలో. నూటెనిమిదేళ్లుగా మేం దాని మీద అన్నం తింటున్నాం. మా తాత ఎత్తుకొచ్చాడు.”

కొట్టం, గడ్డి, అవన్నీ నోటిదాకా వచ్చాయి. వినిఫ్రెడ్ తన అలమారా తలుపు నిజంగానే తెచ్చి గోడకు ఆనించి పెట్టింది. ఆ తలుపును చూశాక అబద్ధం పెదవి దాటలేదు.

వినిఫ్రెడ్ వైపు తిరిగి, “నిన్ను నలుగురిలో దొంగ మనవరాలివన్నాను. తప్పు నాది. నలుగురిలోనే చెబుతున్నాను,” అన్నాను.

ఆమె టోపీ సర్దుకుంది. “తలుపు పట్టుకెళ్లినవాళ్లు దొంగలైతే, గొడుగు పట్టుకెళ్లినవాళ్లని ఏమనాలో ఆలోచిస్తున్నా,” అంది. తరవాత నవ్వేసింది. “పోనీలే డోషా. ఇన్నాళ్లూ నీ ఇంట్లో అంతంత గొంతు ఎలా వస్తోందా అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బరువు దిగింది, సగం.

మచ్చ గురించి చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

అక్టోబరు 9

ఆంబ్రోజ్, వాడి పనివాళ్లిద్దరు వచ్చి బల్ల తీసుకెళ్లారు. కాళ్లు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయిల్‌క్లాత్ మడిచి సొరుగులో పెట్టాను. గదిలో ఆరు కుర్చీలు ఖాళీ చోటు చుట్టూ మిగిలాయి.

అక్టోబరు 10

గొడుగు ఎక్కింది. పాత రింగు, పాత కొక్కెం. మధ్యలో ఇనుప కడ్డీ మాత్రం కొత్తది, ఆంబ్రోజ్ కొట్టించినది. గోడ మీది గీతలోకి దాని అంచు ఇంటికి తిరిగొచ్చిన మనిషిలా వెళ్లి కూర్చుంది. ఒక్క మేకు గోడకు పడలేదు.

ఎక్కించే ముందు వాడు చిత్రిక చేతిలోకి తీసుకుని నా వంక చూశాడు.

“గీరనా?”

నోరు తెరిచాను. రాలేదు. అరవై అయిదేళ్లు ఈ నోటితో ఎంతమందిని దులిపానో, ఒక్క మాట రాలేదు.

“వద్దు. అలాగే ఉండనీ,” అన్నాను.

వాడు తల ఊపి చిత్రిక సంచిలో వేసుకున్నాడు. ఎంగిలి చేతులు తగిలిన ముఖం ఇప్పుడు కిందికి ఉంది. నక్షత్రం నడుమ ఇస్త్రీపెట్టె మచ్చ, నల్లగా, పడవ ఆకారంలో. మూడో గూటి నుంచి తలెత్తితే తిన్నగా అదే కనిపిస్తుంది.

రెక్టరు గారు పీఠమెక్కి పుస్తకం తెరిచారు. నేను పడమటి వాకిలి దగ్గరికి, చిట్టచివరి గూటికి వెళ్లి కూర్చున్నాను. ఆయన ఇంకా చదవడం మొదలుపెట్టనేలేదు. పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.

అక్టోబరు 13, కలయిక ఆదివారం

ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, మూడు వందలమంది. గూళ్లు నిండి, పై వసారా నిండి, కిటికీల బయట కూడా నిలబడ్డారు. మిస్టర్ పెగ్రామ్ అరవలేదు. ఎప్పటిలాగే మాట్లాడారు, మంచి మాటలు. బయట పాతకాలంలో గుర్రపుబండి ఎక్కే గట్టు దగ్గర నిలబడినవాళ్లకు కూడా ప్రతి ముక్కా అందింది. మొదటి గూట్లో ఆయన భార్య తల ఊపడం మానేసి వింటోంది. ఏడుస్తూ వింటోంది. ఇక ఆయన బిషప్ గారికి ఉత్తరం రాయరు. ఈ మాట నేను రాసి పెడుతున్నాను.

నేను ప్రసంగం సగం విన్నాను. మిగతా సగం తలెత్తి చూస్తూ గడిపాను. నేనొక్కదాన్నే కాదు. అందరూ చూస్తున్నారు.

తరవాత పచ్చికలో పొడుగు బల్లలు వేసి భోజనాలు. పందిమాంసం హామ్ పెట్టిన బిస్కెట్లు, ఆలిచిప్పల పులుసు, పదకొండు రకాల కేకులు. వినిఫ్రెడ్ ప్లేటు పట్టుకుని, ఆ మెథడిస్టు పాస్టరుకు కూడా వినపడే గొంతుతో అడిగింది, “అవును డోషా, ఆ నక్షత్రం మీద ఇస్త్రీపెట్టె మచ్చేంటి? ఎవరి ఘనకార్యం?”

చుట్టూ పదిహేను, ఇరవైమంది ఉన్నారు. ఆంబ్రోజ్ అలవాటుగా చెట్టుకు ఆనుకుని నిలబడి తింటున్నాడు. ఈ మాట విని ప్లేటు కిందికి దించాడు. నోట్లోది మింగి, మామూలుగా, వాతావరణం సంగతి చెప్పినట్టు మొదలుపెట్టాడు.

“అదా, అది నేను చిన్నప్పు…”

“నేను,” అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

“నేను కాల్చాను. పదేళ్లప్పుడు. నా రిబ్బను కోసం. వీడు బల్ల కింద ఆడుకుంటుంటే నాన్న వీణ్ణి కొట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నోరు తెరవలేదు. ఏడాదిపాటు వీడు వంటింట్లో నిలబడి తిన్నాడు. ఇవాళ్టిదాకా వీడే చేశాడని అందరికీ చెప్పుకొచ్చాను.”

నా గొంతు ఎప్పటిలాగే పెద్దది. కిటికీల దాకా వెళ్లి ఉంటుంది.

వినిఫ్రెడ్ ఏదో అనబోయి ఆగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అనబోయి ఆగడం ఇదే మొదటిసారి. ఆంబ్రోజ్ మొహం అటు తిప్పుకుని చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు.

“ఈ హామ్‌లో ఉప్పెక్కువైందక్కా,” అన్నాడు.

“అది నేను చేసింది కాదు,” అన్నాను. “అదొక్కటీ నేను కాదు.”

సాయంత్రం వాడు నాతో ఇంటికి వచ్చాడు. మిగిలిన హామ్, చల్లారిన మొక్కజొన్న స్పూన్‌బ్రెడ్ తీశాను. వాడు భోజనాల గది గుమ్మంలో నిలబడి ఆ ఖాళీ చోటు కాసేపు చూశాడు. తరవాత లోపలికి వెళ్లి ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ప్లేటు ఒళ్లో పెట్టుకుని. ప్యాంటుకు తారు ఉంది. కుర్చీ పట్టుగుడ్డకు అంటుకుంది. అంటుకోనీ.

“రా అక్కా, కూర్చో. ఈ చలికాలం నీకో బల్ల చేసిపెడతాలే. నాలుగు మూలలది.”

“నువ్వు తిను,” అన్నాను.

నా ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, గట్టుకు ఆనుకుని నిలబడ్డాను.

“అదేంటి? అక్కడేం చేస్తున్నావ్?”

“తింటున్నా.”

“మోకాళ్లు నొప్పెడతాయి. పిచ్చిపనులు చెయ్యకు. కూర్చో వచ్చి.”

“నీకు ఏడాది,” అన్నాను. “నాకు ఇవాళ మొదటిరోజు.”

గోడ అవతల చెంచా చప్పుడు ఆగింది. చాలాసేపటికి మళ్లీ మొదలైంది.

అక్టోబరు 14

ఎలక్ట్రీషియను రాలేదు. రావాల్సిన పనే లేదు.

పొద్దున ఓట్స్ జావ, మధ్యాహ్నం సూప్, గట్టుకు ఆనుకునే. రెండో రోజు.